గడియ చుట్టూ ఖాళీ చాలలేదు

నన్ను సంజాయిషీ అడిగారు. రాష్ట్ర స్థాయిలో గుర్తింపు పొందిన ఒక ఛాయాచిత్రానికి మూలాధారమైన వస్తువును రూపుమాపినందుకు నా మీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమన్నారు. చెప్పాను. అందులో రాయడానికి వీల్లేనివి కొన్ని మిగిలిపోయాయి. వాటిని కడుపులో దాచుకుని తిరగడం నావల్ల కాదు. దీని నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ ఊరికే అనేది కాదు.

ముందే ఒక మాట. పాఠశాల పరికరాల పర్యవేక్షణ విభాగం డైరెక్టరు త్రివిక్రమరావు గారి మీద నాకు ఎలాంటి ద్వేషమూ లేదు. ఆయన మంచివారు. మంచివారు కాబట్టే ఇంత జరిగింది. చెడ్డవారైతే మా అర్జీని చెత్తబుట్టలో పడేసేవారు, మేమే తలా కాస్తా వేసుకుని పని కానిచ్చేసేవాళ్ళం.

నా పేరు వకుళ. కొత్తరేవుపాడు హైస్కూల్లో బయాలజీ చెప్తాను. మా బళ్ళో ఆడపిల్లలకు ఉన్నది ఒక్కటే బాత్రూం. పక్కన ఇంకోటి కూడా ఉంది గానీ దానికి తలుపే లేదు కాబట్టి దాన్ని మేము గదిగా లెక్కవేయడం మానేశాం. ఉన్న ఒక్కదానికీ వేసవి సెలవులయ్యాక చూస్తే లోపలి గడియ ఊడిపోయి ఉంది. స్క్రూలన్నీ రాలిపోగా ఒకే ఒక్కదాని మీద వేలాడుతూ, తలుపు కదిలినప్పుడల్లా అటూ ఇటూ ఊగేది.

పిల్లలు జంటలుగా వెళ్ళడం మొదలుపెట్టారు. ఒకరు లోపల, ఒకరు బయట తలుపుకి వీపు ఆనించి కాపలా. కాపలా పిల్లను ఎవరైనా పిలిస్తే ఇక లోపలున్న పిల్ల పాట్లు దేవుడికే తెలియాలి. మగపిల్లల ఆటస్థలం ఎదురుగానే ఉంది. బాత్రూం కట్టినవారికి ఆటలంటే ఇష్టం కాబోలు.

గడియ ఎంతలో పని? మా వీధి చివర సామాన్ల కొట్లో దొరుకుతుంది, కొనుక్కొచ్చి బిగిస్తే సరిపోతుంది కదా అని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. మా హెచ్చెమ్ కోటిలింగం గారితో అదే అన్నాను.

"అమ్మా వకుళమ్మా, రిటైరయ్యే ముందు నాచేత ఇట్టాంటి పన్లు చేయించబాక," అన్నారాయన. బీరువాలోంచి ఒక ఉత్తర్వు తీసి, కళ్ళజోడు సర్దుకుని చదివారు. "'మరమ్మతుకు పూర్వపు స్థితిని తెలుపు సమీప ఛాయాచిత్రము ఆమోదము పొందనిదే ఏ వస్తువునూ తాకరాదు. అట్లు తాకుట సాక్ష్యమును రూపుమాపుటగా పరిగణింపబడును.' విన్నావా? పక్కూరి డ్రిల్లు మాస్టారు బెంచీ కాలుకి తనే మేకు కొట్టుకున్నాడు. మెమో ఇచ్చారు. ఫొటో కోసమని ఆ కాలు మళ్ళీ విరగ్గొట్టాల్సొచ్చింది పాపం. విరగ్గొట్టి పంపితే ఏమన్నారో తెలుసా?"

"ఏమన్నారు సార్?"

"విరుపు సహజంగా లేదన్నారు."

"మరి ఆ బెంచీ?"

"మూడు కాళ్ళ మీదే ఉంది. పిల్లలు అలవాటు పడ్డార్లే."

ఈ ఉత్తర్వు కూడా ఊరికే పుట్టలేదు. అంతకుముందు ఏదో బడి వాళ్ళని విరిగిన కుర్చీ ఫొటో పంపమంటే, స్టాఫంతా వరుసగా నిలబడి, నడుమ సర్పంచి గారికి శాలువా కప్పి తీసిన ఫొటో పంపారట. కుర్చీలో సర్పంచి గారే కూర్చుని ఉన్నారు. దాంతో డైరెక్టరు గారు మనసు కష్టపెట్టుకుని, చల్లటి కొండల మీది ఏదో ఊళ్ళో చిన్న వస్తువుల్ని దగ్గరగా ఫొటో తీసే శిక్షణకు వెళ్ళారు. అక్కడ ఒక చొక్కా గుండీని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తీశారట. తీసినవాటి మీద ఒకరికొకరు అభిప్రాయాలు చెప్పుకున్నారట. ఆ గుండీని చూసొచ్చాక ఆయన వెనకటి మనిషి కాదు. వచ్చీ రాగానే 'చిత్ర విన్యాస సమీక్షా సంఘం' వేశారు. దానికి తనే అధ్యక్షులయ్యారు.

సరే, ఫొటోయే కదా అనుకున్నాను. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికెళ్ళి, ఫోన్ దగ్గరగా పట్టి, గడియ బాగా కనపడేట్టు తీసి పంపాను. వారానికి జవాబొచ్చింది.

'మీ ప్రయత్నం అభినందనీయం. అయితే విషయవస్తువు చట్రానికి సరిగ్గా నడుమ నిలిచి ఉన్నది. నడుమ నిలిచిన వస్తువు నిద్రపోవును. దానిని మూడింట ఒక వంతు వద్దకు జరపగలరు. తుప్పు వర్ణము మనోహరం.'

కోటిలింగం గారు రెండుసార్లు చదివి దిగులుపడ్డారు. "గడియని జరపాలంటే తలుపుకి కొత్త బెజ్జాలు వెయ్యాల గదమ్మా? దానికి మళ్ళీ పర్మిషను..."

"గడియని కాదు సార్, ఫోన్ని జరపమంటున్నారు."

"ఓహో! అట్టా చెప్పు, చచ్చి బతికా."

జరిపి తీశాను. ఈసారి గడియ చుట్టూ ఖాళీ చాలలేదన్నారు. ఖాళీ ఇచ్చి తీశాను. ఆ ఖాళీలో బకెట్టు అంచు కనపడి చూపును లాక్కుపోతోందన్నారు. బకెట్టు తీసేసి తీశాను. ఇప్పుడు చిత్రంలో జీవం లేదన్నారు. ప్రతి జవాబులోనూ ముందొక మెప్పు, నడుమ ఒక దెప్పు, చివర మళ్ళీ ఒక మెప్పు. దాన్ని 'మధుర కటు మధుర పద్ధతి' అంటారని మరో ఉత్తర్వులో తెలియజేశారు. పిల్లాడికి ఆముదం పట్టేటప్పుడు బెల్లం ముక్క పెట్టే పద్ధతే. మా అమ్మమ్మ దానికి పేరు పెట్టలేదు.

నాకు ఒళ్ళు మండి ఒకసారి సూటిగా రాశాను. 'అయ్యా, ఇది ఆడపిల్లల బాత్రూం తలుపు గడియ. గడియ లేక పిల్లలు నానా అవస్థా పడుతున్నారు. దయచేసి వెంటనే అనుమతి ఇవ్వగలరు.'

వారాల తరబడి జవాబివ్వని సంఘం ఆ పూటకి ఆ పూటే జవాబిచ్చింది.

'చిత్రం వెలుపలి సమాచారముతో చిత్రమును సమర్థించుకొనుట తగదు. చిత్రమే మాట్లాడవలెను. సూచనకు వివరణ ఇచ్చుట ప్రతిఘటన అనబడును. ప్రతిఘటించిన వారి చిత్రము వరుసలో చివరికి పోవును. సూచన అందినపుడు ఇట్లు మాత్రమే బదులీయవలెను: ధన్యవాదములు. మీ సూచన నా చూపును విశాలపరచినది.'

మా గడియ వరుసలో చివరికి పోయింది.

ఈ లోపల సువార్త నీళ్ళు తాగడం మానేసింది. సువార్త తొమ్మిదో తరగతి. ఊరవతల కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడాలు తీసే రూతమ్మ కూతురు. గుండెకాయ బొమ్మ వేయమంటే పుస్తకంలో ఉన్నదానికన్నా బాగా వేసి, కవాటాల దగ్గర బాణం గుర్తులు కూడా పెట్టే పిల్ల. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు గ్లాసు ముట్టదు, బళ్ళో సీసా మూత తీయదు, మధ్యాహ్నం భోజనంలో చారు కూడా పోయించుకోదు. కాపలాకి మాత్రం అందరికీ వెళ్ళేది. తను లోపలికి వెళ్ళేది కాదు. ఒకసారి తను లోపల ఉండగా కాపలా పిల్లను ఎవరో బెదిరించి పంపేసి తలుపు లాగారు. లాగినవాళ్ళు నవ్వుకుంటూ పోయారు. అప్పట్నుంచీ అంతే.

మూత్రపిండాల పాఠం చెప్తున్నాను. రోజూ నీళ్ళు ఎక్కువ తాగాలి, లేకపోతే ఏమవుతుంది అని అడిగాను. సువార్త జవాబు చెప్పడానికి లేచింది. జవాబు సరిగ్గానే చెప్పింది. చెప్పి కింద పడిపోయింది.

ఆస్పత్రి డాక్టరమ్మ చూసి, "ఒంట్లో నీరు లేదు. మూత్రంలో చీము పడింది. పిల్లచేత నీళ్ళు తాగించండి," అంది. అంతే. మందులేమీ అంత కష్టమైనవి కావు. కష్టమైనది గడియే.

నేను ఆ రోజే సామాన్ల కొట్టుకి పోయి గడియ కొన్నాను. కొని కోటిలింగం గారి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని పాముని చూసినట్టు చూసి సొరుగులోకి తోశారు. "నీకు దణ్ణం పెడతానమ్మా. నా పెన్షను మీద కొట్టబాక. ఫొటో సంగతి నేను చూసుకుంటా, నేనే తీస్తా," అన్నారు. అనకపోయినా బాగుండేది.

ఆ తర్వాత మాకు అభిప్రాయాలు చెప్పుకోవడంలో శిక్షణ పెట్టారు. ఫోన్లోనే. ప్రతి బడీ ఇతర బళ్ళు పంపిన లోపాల ఫొటోల మీద కూడా అభిప్రాయం రాయాలి, రాస్తేనే మన ఫొటో ముందుకు కదులుతుంది. నాకు ఒక తరగతి గది కప్పు ఫొటో వచ్చింది. పెచ్చులూడి, ఇనుప చువ్వలు బయటపడి, ఇంకో పెద్ద పెచ్చు ఇవాళో రేపో అన్నట్టుంది. 'కింద పిల్లల్ని కూర్చోబెట్టకండి. వెంటనే బాగు చేయించండి' అని రాశాను.

తిప్పి పంపారు. 'విన్యాసమును గూర్చి మాటలాడలేదు. మధుర కటు మధుర పద్ధతి పాటింపబడలేదు.'

మా గడియ నా కళ్ళ ముందు మెదిలింది. కళ్ళు మూసుకుని మళ్ళీ రాశాను. 'ఇనుప చువ్వల గీతలు చూపును చక్కగా మూలకు నడిపించాయి. పెచ్చు నీడ కొంచెం మెత్తబడితే బాగుండును. పడబోతున్నదన్న భావన అద్భుతంగా పలికింది.' వెంటనే ఆమోదించారు. నాకు అభినందన కూడా వచ్చింది. తర్వాత ఫోన్ నంబరు కనుక్కుని ఆ బడికి ఫోన్ చేశాను. పిల్లల్ని చెట్టు కిందికి మార్చారట. చెట్టుకి అనుమతి అక్కర్లేదట.

ఇతర బళ్ళ వాళ్ళు మా గడియ మీద కూడా రాశారు. 'గడియ ఒంటరితనం మనసును కలచివేసింది' అని ఒకరు. 'వేలాడుటలో ఒక నిరీక్షణ ఉన్నది' అని ఇంకొకరు. వేలాడుతున్నది మా పిల్లల ప్రాణాలని ఎవరికీ తోచలేదో, తోచినా ప్రతిఘటన అవుతుందని ఊరుకున్నారో తెలియదు.

ఇక కోటిలింగం గారి సంగతి. ఆయన తీసిన మొదటి ఫొటోకే 'మీ చూపులో పరిణతి ఉన్నది' అని జవాబొచ్చింది. ఆయన దాన్ని స్టాఫ్ రూమ్‌లో అందరికీ చదివి వినిపించారు. సాయంత్రం నన్ను ఆపి, "వకుళమ్మా, ఇన్నేళ్ళ సర్వీసులో పైనుంచి ఒక్క మంచి మాట వినలేదమ్మా నేను. ఇదే మొదలు," అన్నారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు ఆయన మీద జాలి వేసింది. జాలి పడకుండా ఉండాల్సింది.

మర్నాటి నుంచి ఆయనకి వేరే లోకం లేదు. ప్రార్థన అయ్యాక కాసేపు బాత్రూం కిటికీలోంచి ఎండ ఏటవాలుగా గడియ మీద పడుతుందని కనిపెట్టారు. ఆ వేళకి ఎవరూ వెళ్ళకూడదన్నారు. వెనకాల తలుపు రంగు వెలిసిపోయి బాగాలేదని నల్లటి అట్ట అతికించారు. మంచు బిందువులు కావాలని నా ల్యాబులోంచి గ్లిజరిన్ సీసా పట్టుకుపోయి చల్లారు. లెక్కల క్లాసుకి వెళ్ళడం మానేశారు. పదో తరగతి పిల్లలకి త్రికోణమితి రాలేదు గానీ, కోణాల గురించి ఆయన ఎక్కడబడితే అక్కడ మాట్లాడేవారు.

ఒకనాడు గడియ మీదికి ఒక చీమ వచ్చింది. ఆయన తీసి పంపారు. పైన సంచలనం రేగింది.

'చీమ రాకతో చిత్రమునకు జీవము వచ్చినది. అయితే చీమ చట్రం వెలుపలికి నడుచుచున్నది. జీవి ఎల్లపుడు చట్రం లోపలికి నడవవలెను. కాళ్ళలో స్పష్టత ప్రశంసనీయం.'

"లోపలికి నడవాలంటమ్మా," అన్నారు కోటిలింగం గారు, చీమకి కూడా మెమో ఇవ్వగలిగితే బాగుండునన్న ముఖంతో.

చీమకి మెమో ఇవ్వలేం కాబట్టి బెల్లం పెట్టారు. గడియ కొసన చిన్న బెల్లం ముక్క. చీమలు లోపలికే నడిచాయి. కాకపోతే ఒకటి కాదు, ఊళ్ళో ఉన్నవన్నీ నడిచాయి. పిల్లలు లోపలికి పోయి కెవ్వుమని బయటికి రావడం మొదలైంది. పైగా తలుపు తీసినప్పుడల్లా తుప్పు రాలి విన్యాసం చెడుతోందని ఆయన బాధ. చివరికి ఆలోచించి, బాత్రూంకి బయట తాళం వేసేశారు.

నేను ఆఫీసు గదిలోకి పోయి గట్టిగా అడిగాను. "లోపల గడియ లేదని మొర పెట్టుకుంటే బయట తాళం వేస్తారా సార్? పిల్లలు ఎక్కడికి పోవాలి?"

"కొద్దిరోజులు ఓర్చుకోమను. ఆమోదం వచ్చేదాకే గదా! వాళ్ళ కోసమే గదమ్మా ఇదంతా," అన్నారు. తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నారు.

దేవుడు చీమ రూపంలో ఉంటాడేమో తెలియదు గానీ, ఆమోదం నిజంగానే వచ్చింది. ఒకే ఒక్క చీమ, ఎండ పొడలో, మూడింట ఒక వంతు దగ్గర, చట్రం లోపలికి, తల కాస్త ఎత్తి నడుస్తున్న ఫొటో. ఆమోదం ఒక్కటే కాదు, 'ఉత్తమ లోప చిత్రం' అని రాష్ట్ర స్థాయి బహుమతి కూడా ఇచ్చారు. దాన్ని తలుపంత పెద్దది చేసి విభాగం ఆఫీసు వరండాలో వేలాడదీశారట. అక్కడి బాత్రూంలకి గడియలు బాగానే ఉన్నాయని చూసొచ్చినవాళ్ళు చెప్పారు.

నేను సంతోషంగా కోటిలింగం గారి గదికి పరిగెత్తాను. "ఆమోదం వచ్చేసిందిగా సార్! సొరుగులో గడియ ఇట్టా ఇవ్వండి, బిగించేద్దాం."

ఆయన సొరుగు తీయలేదు. ఇంకో ఉత్తర్వు తీశారు. బహుమతికి కప్పిన శాలువా ఇంకా మెడలోనే ఉంది, ముఖంలో మాత్రం వెలుగు లేదు. "'బహుమతి పొందిన లోపమును యథాతథముగా పరిరక్షింపవలెను. మరమ్మతు చేసినచో చిత్రము యొక్క ప్రామాణికత దెబ్బతినును.' సోమవారం డైరెక్టరు గారు వస్తున్నారమ్మా. జిల్లాలో హెచ్చెమ్‌లందర్నీ తీసుకొస్తారంట. మన గడియ ముందు నిలబెట్టి శిక్షణ ఇస్తారంట."

"ఆడపిల్లల బాత్రూంలోనా?"

"'మూల వస్తు సందర్శనం' అని పేరు పెట్టారు," అని తల దించుకున్నారు.

శనివారం బడి వదిలే వేళకి రూతమ్మ వచ్చింది. చేతులకి మిరప ఘాటు అంటుకుని ఎర్రగా ఉన్నాయి. కూతురు వెనకాల గేటు పట్టుకుని నిలబడి ఉంది, ఇటు చూడకుండా.

"టీచరమ్మా, నా బిడ్డ సదువుకోను వస్తంది గాని ఎండిపోను గాదు," అంది రూతమ్మ. "మళ్ళీ మంట పుడతందంటంది. రేతిరంతా ఏడిసింది. మా కోల్డ్ స్టోరేజీలో కూలోళ్ళ దొడ్డికి తలుపుంది, లోపల గడియుంది. మీ బడికి లేదంట, ఫొటో మాత్రం ఉందంట! సోమారం వచ్చి టీసీ తీసకపోతా. నా పక్కన కూసుని తొడాలు తీసుకుంటది. నీళ్ళన్నా తాగుద్ది."

నేను నేర్చుకున్న జవాబు ఒక్కటే ఉంది, ధన్యవాదములు అని. అది ఆ తల్లికి చెప్పలేను. సువార్త గేటు దగ్గర్నుంచి నా వైపు ఒక్కసారి చూసి తల్లి వెంట పోయింది. ఇంటికెళ్ళేదాకా నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఇంటికెళ్ళేసరికి కోపం మిగిలింది.

సోమవారం పొద్దున బళ్ళో పెళ్ళి సందడి. గేటుకి అరటి చెట్లు, ముగ్గులు, మైకు. కోటిలింగం గారు బాత్రూం తాళం తీసి, గడియ మీద కొత్త బెల్లం ముక్క పెట్టి, డైరెక్టరు గారికి ఎదురెళ్ళడానికి దండ పుచ్చుకుని రోడ్డు మీదికి పోయారు. ఆ కంగారులో తలుపు తెరిచే వదిలేశారు.

నేను ఆఫీసు గదిలోకి పోయి సొరుగులోంచి గడియ తీశాను. ఫిజిక్స్ ల్యాబులోంచి స్క్రూడ్రైవరు తీశాను. కప్పని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి నాలుగు కాళ్ళకీ గుండుసూదులు గుచ్చిన చెయ్యి ఇది. స్క్రూలు ఒక లెక్కా! రాష్ట్ర స్థాయి లోపాన్ని ఒక్క తిప్పుతో ఊడదీశాను. చీమలు కుట్టాయి. కుట్టనీ అనుకున్నాను, అవి కూడా డిపార్టుమెంటు మనుషులే కదా.

కొత్తది బిగించి వెనక్కి తిరిగేసరికి సువార్త నిలబడి ఉంది. టీసీ కోసం వచ్చి, తల్లిని ఆఫీసు ముందు కూర్చోబెట్టి, నన్ను వెతుక్కుంటూ వచ్చింది. బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి.

"వేసి చూడు," అన్నాను.

లోపలికెళ్ళింది. తలుపు మూసుకుంది. టక్‌మని చప్పుడైంది. నేను బయట్నుంచి గట్టిగా లాగాను. తలుపు కదల్లేదు. నా జన్మలో ఒక తలుపు తెరుచుకోనందుకు అంత సంతోషపడింది లేదు.

అప్పుడే వచ్చారు డైరెక్టరు గారు. మెడలో దండ, దండ కింద కెమెరా. వెనకాల జిల్లాలోని హెచ్చెమ్‌లంతా చేతుల్లో ఫోన్లు పట్టుకుని. ఆయన దూరం నుంచే చేయెత్తి చెప్పుకుంటూ వస్తున్నారు. "మిత్రులారా, మీరిప్పుడు చూడబోయేది ఒక గడియ కాదు. అది ఒక దృక్కోణం. దానిని సమీపించునపుడు శ్వాసను సైతం నియంత్రించుకొనవలెను."

అందరూ శ్వాస నియంత్రించుకుని తలుపు ముందుకొచ్చి ఆగారు. తలుపు మూసి ఉంది.

కోటిలింగం గారు లాగారు. రాలేదు. మళ్ళీ లాగారు. "ఎవరమ్మా లోపల? బయటికి రా! డైరెక్టరు గారొచ్చారు!"

"ఉన్నానండీ," అంది లోపల్నుంచి సువార్త.

చిన్న గొంతే గానీ అందరికీ వినపడింది. జిల్లా హెచ్చెమ్‌లంతా ఒక్కసారిగా అటు తిరిగి ప్రహరీ గోడ మీది సూక్తులు చదవడం మొదలుపెట్టారు. డైరెక్టరు గారు ఎర్రబడి రెండడుగులు వెనక్కి వేశారు. నా వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగారు. "విషయవస్తువు... అందుబాటులో లేదా?"

"వాడుకలో ఉంది సర్," అన్నాను.

తలుపు తెరుచుకుంది. సువార్త బయటికొచ్చింది. ఆయన కెమెరా ఎత్తేలోగా తొమ్మిదో తరగతి మస్తాన్‌బీ రివ్వున లోపలికి దూరింది. టక్. ఆమె బయటికి రాగానే ఇంకో పిల్ల. టక్. గడియ పెట్టారన్న కబురు ఎలా పాకిందో, గదుల్లోంచి ఆడపిల్లలంతా వచ్చి వరుస కట్టారు. అన్ని వారాలు బిగబట్టుకున్న వరుస అది, తొందరగా తెమిలేది కాదు. ఎవరూ ఎవరికీ కాపలా నిలబడలేదు. ఎవరి గడియ వాళ్ళే వేసుకున్నారు.

డైరెక్టరు గారు చాలాసేపు చూశారు. "లోపల గడియ ఉన్నదీ లేనిదీ బయటి నుండి తెలియుట ఎట్లు?" అన్నారు చివరికి, ఎవరినీ అడగనట్టుగా.

"ఉంటే బయటికి కనపడదండీ," అన్నాను. "లేకపోతేనే ఫొటో వస్తుంది."

ఆయన అలవాటు కొద్దీ మూసిన తలుపుకే ఒక ఫొటో తీశారు. తీసి, తెర మీద చూసుకుని, నొసలు ముడిచారు. "తలుపు రంగు బాగున్నది. కానీ విషయవస్తువు కనిపించుట లేదు. వరుసలోని పిల్లల జడలు బాగున్నవి."

"ధన్యవాదములు సర్," అన్నాను. "మీ సూచన నా చూపును విశాలపరచింది."

ఆయన కెమెరాకి మూత పెట్టేశారు. అది ఆయన రాసిన జవాబే మరి. కోటిలింగం గారు గుమ్మం బయట పడి ఉన్న పాత గడియని తీసి, జేబురుమాలుతో చీమలు దులిపి, ఏం చేయాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డారు. కాసేపటికి పిల్లల వరుసని చూశారు. చూసి, మొలతాడు నుంచి తాళంచెవి విప్పి నా చేతిలో పెట్టారు. మెమో మాత్రం నా పేరునే వచ్చింది, అందులో ఆయన తప్పేం లేదు.

నేను తిరిగి చూసేసరికి రూతమ్మ ఆఫీసు ముందు నుంచి లేచి కుళాయి దగ్గరికి వచ్చి ఉంది. సువార్త కుళాయి తిప్పి, దోసిలి పట్టి తాగుతోంది. ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ పట్టింది. మోచేతుల మీదుగా కారి యూనిఫారం తడిసిపోతున్నా ఆపలేదు.

"ఇంక సాల్లేయే, మళ్ళీ మళ్ళీ ఎల్లాల్సొస్తది," అంది రూతమ్మ.

"తాగనీ రూతమ్మా," అన్నాను. "గడియుందిగా."